కరువు నేలలో నల్లబూజు

రాయదుర్గంలో బస్సు దిగి గుమ్మఘట్ట వైపు వెళ్తుంటే దారిపొడుగునా మీకు కనిపించేవి ఎండిన చేలు, రాళ్ళగుట్టలు. అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఈ మండలంలోనే వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. అదే నది మీద ఎగువన కర్ణాటకలో ఉన్న వాణీవిలాస సాగరం 1933 తర్వాత మళ్ళీ నిండి పొర్లింది 2022లోనే. ఇక దిగువ వాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి!

అలాంటిచోట మా తమ్ముడింట్లో స్నానానికి వెళ్తే, గోడ టైల్సుకూ నేలకూ మధ్య పూసిన తెల్ల సిలికాన్ అంచంతా నల్లటి చుక్కలు!

"వాన ల్యాక మేమేడుస్తాంటే ఈ బూజు యాడినుంచి వచ్చినాదో చూడు వదినా" అంది మా మరదలు.

బూజుకు వాన అక్కర్లేదండీ. నీళ్ళొచ్చినరోజు పట్టిన డ్రమ్ములు రెండూ మూతల్లేకుండా బాత్‌రూములోనే ఉన్నాయి. దుమ్మొస్తుందని కిటికీ మూసేశారు. గది ఆరేదెప్పుడు? పైగా సబ్బుమడ్డి చేరేది ఆ అంచులోనే.

నా గుండె ఝల్లుమన్నది మాత్రం బూజును చూసి కాదు. మూలన యాసిడ్ సీసా, పక్కనే బ్లీచింగ్ పౌడరు. బోరునీళ్ళ ఉప్పు తెల్లగా పేరుకుంటుంది కదా, దానికి యాసిడ్, బూజుకేమో బ్లీచింగ్. రెండూ ఒకేసారి పోసి రుద్దబోతోంది! ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. వెనిగరు, నిమ్మరసం కూడా బ్లీచ్‌తో కలపకూడదు. ఉప్పుమరకల పని ఒకరోజు చేసి, నీళ్ళతో బాగా కడిగేసి, బూజు సంగతి ఇంకోరోజు చూడండి.

దానికి మేం చేసింది ఇదీ. తలుపూ కిటికీ తెరిచి, చేతికి గ్లౌజులు వేసుకుని, దూదిని వత్తిలా చేసి లిక్విడ్ బ్లీచ్‌లో తడిపి ఆ అంచు పొడుగునా అద్ది పెట్టాం. ఊరికే పోస్తే జారిపోతుంది, వత్తయితే పట్టి ఉంటుంది. గంట తర్వాత తీసి కడిగితే చాలామటుకు తెల్లబడింది. ఒక మూల మాత్రం పోలేదు. బూజు లోపలికి దిగిందన్నమాట. అక్కడ ఎంత రుద్దినా చేతుల నొప్పే! పాత సిలికాన్‌ను బ్లేడుతో కోసి తీసేసి, రోజంతా ఆరనిచ్చి, బాత్‌రూములకని అమ్మే బూజు పట్టని రకం పూయించాం. మర్నాటిదాకా దానిమీద నీళ్ళు పడనివ్వలేదు.

డ్రమ్ములు పెరట్లోకి మారాయి. కిటికీ దగ్గర మరదలు కాసేపు ఆలోచించి, "దుమ్మొస్తే తుడుచుకుంటాలే వదినా" అంటూ రెక్క తెరిచింది.