అప్లికేషన్‌లో ఏం దాచాలి?

సెషన్ మీద రాసిన కిందటి ఉత్తరం చూసి చాలామంది ఒకటే అడిగారు: ఒక్కొక్కరికీ విడివిడిగా కాదు, సైటు వాడే అందరికీ కలిపి ఒకే సమాచారం ఉంచాలంటే ఎలా?

టిఫిన్ సెంటర్లో చేతికిచ్చే టోకెన్ సెషన్ అయితే, గోడమీది ధరల బోర్డు అప్లికేషన్. పాత ఏఎస్‌పీలో దాని పేరే అప్లికేషన్ ఆబ్జెక్ట్. జావాలో సర్వ్‌లెట్‌కాంటెక్స్ట్ అంటారు. జేఎస్‌పీ పేజీలో మాత్రం అదే మళ్లీ ‘అప్లికేషన్’ పేరుతో కనబడుతుంది. సెట్‌ఆట్రిబ్యూట్‌తో పెట్టడం, గెట్‌ఆట్రిబ్యూట్‌తో తీసుకోవడం, అంతే. జిల్లాల పేర్లు, పన్ను రేట్ల వంటివి సర్వర్ మొదలైనప్పుడే లిజనర్‌లో ఒకసారి చదివి పెట్టేస్తే, ప్రతి రిక్వెస్టుకూ డేటాబేస్ దాకా వెళ్లక్కర్లేదు.

అందులోంచి చదివినంతసేపూ హాయే. రాయడం మొదలుపెట్టాకే తంటా. ఒకప్పుడు సైట్ల అడుగున ‘మీరు ఇన్నో సందర్శకులు’ అని ఒక కౌంటర్ తిరుగుతుండేది, గుర్తుందా? అందులో 41 ఉందనుకోండి. ఇద్దరు ఒకేసారి వచ్చారు. రెండు థ్రెడ్లూ 41నే చదివి, ఒకటి కలిపి, 42 అనే రాశాయి. వచ్చింది ఇద్దరు, లెక్కకెక్కింది ఒక్కరు. ఏఎస్‌పీలో లాక్, అన్‌లాక్ ఉన్నది ఇందుకే. జావాలో ఆ పనికి 2004లో జావా 5తో పాటు అటామిక్‌ఇంటీజర్ వచ్చింది. కన్‌కరెంట్‌హ్యాష్‌మ్యాప్ వాడాం కదా అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. విలువ తీసి, పెంచి, తిరిగి పెట్టేలోపు ఇంకో థ్రెడ్ దూరితే ఆ మ్యాప్ ఏమీ చేయలేదు. కౌంటర్లో ఒకటి తగ్గితే పోనిద్దురూ. బస్సు సీట్ల లెక్కయితే కొట్లాటే!

పైగా ఇదంతా మెమరీలోనే ఉంటుంది. ఏఎస్‌పీని నడిపే ఐఐఎస్ సర్వర్‌లో సెట్టింగులు మార్చకపోతే 1740 నిమిషాలకోసారి, అంటే 29 గంటలకు, పాత ప్రాసెస్ పోయి కొత్తది వస్తుంది. అప్లికేషన్‌లో దాచినవన్నీ దాంతోనే సరి. రెండో సర్వర్ పెట్టారా, దాని బోర్డు దానిదే. ఇక్కడ దిద్దిన ధర అక్కడ తెలియదు. అన్ని సర్వర్లూ చూసే చోటు కావాలంటే 2003లో వచ్చిన మెమ్‌క్యాష్‌డ్, 2009లో వచ్చిన రెడిస్ లాంటివి విడిగా నడుపుకోవాలి. కౌంటర్ ఒక్కటే కావాలంటే రెడిస్‌లో ఇన్‌కర్ అనే కమాండ్ ఉంది, దానికి లాకుల గొడవ లేదు.

నన్నడిగితే, సర్వర్ మొదలయ్యాక మళ్లీ రాయనక్కర్లేనివే అప్లికేషన్‌లో ఉండాలి. డబ్బుతో, సీట్లతో ముడిపడ్డవి డేటాబేస్‌లోనే. మీ ప్రాజెక్టులో కాంటెక్స్ట్ మీద సెట్‌ఆట్రిబ్యూట్ ఎక్కడెక్కడ ఉందో ఓసారి వెతకండి. లిజనర్ బయట దొరికితే ఆ నాలుగు లైన్లూ నాకు పంపండి, వచ్చే ఉత్తరంలో విప్పి చూద్దాం.

ఉంటాను మరి,
మీ మిత్రుడు