బేస్‌మెంట్ కిటికీ (కాల్గరీ, 2024)

ఏప్రిల్ 22
సిటీ హాల్లో విచారణ ఇవాళ మొదలైంది. ఏ స్థలంలో ఏ రకం ఇల్లు కట్టొచ్చో చెప్పే జోనింగ్‌ని ఊరంతటికీ ఒకేసారి మార్చాలా వద్దా అన్నది విషయం. మాట్లాడతామని పేర్లిచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు, మనిషికి 5 నిమిషాలు. ఆఫీసు పని చేసుకుంటూ చెవిలో పెట్టుకుని విన్నాను.

ఏప్రిల్ 24
చెట్లు, పార్కింగు, నీడ. వద్దనేవాళ్ల మాటల్లో ఇవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాళ్ల దిగులు అబద్ధం కాదు. ఏళ్ల తరబడి పెంచుకున్న పెరటి మీద పక్కింటి మూడంతస్తుల నీడ పడుతుందంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా నేను వాళ్ల పక్షాన లేను. మంచు పడితే మా బేస్‌మెంట్ కిటికీ సగం పూడిపోతుంది. మా పాపకి పగటి వెలుగు కావాలి.

ఏప్రిల్ 28, ఆదివారం
తెనాలికి ఫోన్ చేశాను. జోనింగ్ మారిస్తే కేంద్రం సిటీకి డబ్బిస్తుందని చెప్పాను. "సిటీకి డబ్బిస్తే సిటీయే ఇళ్లు కట్టిస్తుందా అమ్మా?" అన్నారు నాన్న. అక్కడ పక్కింటావిడ ప్రభుత్వ పథకం కింద ఇల్లు కట్టుకుంటోందట. పునాదికో బిల్లు, గోడలకో బిల్లు, స్లాబుకో బిల్లు. ఫోటో తీస్తేగాని ఏదీ పడదట.

ఇక్కడ ఆ డబ్బు ఇటుకని చూసి ఇచ్చేది కాదు నాన్నా, అనుమతిని చూసి అన్నాను. కెనడా కేంద్ర ప్రభుత్వం 2022 బడ్జెట్‌లో 400 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. ఇళ్లకు అడ్డుపడే రూళ్లు మార్చుకున్న నగరాలకే ఇస్తానంది. మొదట ఒప్పందం చేసుకున్నది అంటారియోలోని లండన్, 2023 సెప్టెంబరులో, 7.4 కోట్లకి. కాల్గరీకి 22.8 కోట్లు. ఒక్క కుటుంబానికి ఒక్క ఇల్లే అన్న జోనింగ్ పోకపోతే ఇవ్వలేమని అప్పటి గృహ మంత్రి షాన్ ఫ్రేజర్ మేయరుకి ముందే ఉత్తరం రాశారు.

ఇప్పటిదాకా అలాంటి పేటల్లో వరస ఇళ్లు కట్టాలంటే ఆ ఒక్క స్థలానికే విడిగా జోను మార్పించుకోవాలి. దరఖాస్తు, ఇరుగుపొరుగుకి నోటీసు, కౌన్సిల్ ముందు విచారణ. అన్ని నెలలూ కట్టేవాడి నెత్తిన వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ వడ్డీ చివరికి అద్దెలోకే వస్తుంది. ఈ డబ్బు కొంటున్నది ఆ నెలల్నే. నీళ్ల పైపులకీ మురుగు కాలవలకీ కూడా వాడుకోవచ్చు, కొత్త కుటుంబాలొస్తే అవీ సరిపోవాలి కదా.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "రూలు మారిస్తే బిల్లు పడుతుందన్నమాట" అన్నారు.

మే 9
అద్దె పెంపు నోటీసు వచ్చింది. అల్బర్టాలో ఏడాదికి ఒకసారికి మించి పెంచకూడదు. ఎంత పెంచాలన్నదానికి మాత్రం హద్దు లేదు.

మే 14
కౌన్సిల్ ఓటు 9–6. జోనింగ్ మార్పు నెగ్గింది! 700 మందికి పైగా మాట్లాడాక. మా ఆయన్ని వంటింట్లోంచి కేకేసి పిలిచి చెప్పాను. మాకు ఇక్కడ ఓటు లేదు, అయినా ఇవాళ ఈ ఊరు కాస్త మాది కూడా అనిపించింది.

ఆగస్టు 6
కొత్త జోనింగ్ ఇవాళ్టి నుంచి అమలు. దీనివల్ల ఈ ఏడాది నా అద్దె తగ్గదు. కట్టే మనుషులు దొరకాలి, వడ్డీలు దిగాలి, అనుమతి ఒక్కటే గోడలు లేపదు. సాయంత్రం పాపతో నడుస్తూ వీధి మూలనున్న ఖాళీ స్థలం దగ్గర ఆగాను. మోకాలెత్తు గడ్డి, వాలిన కంచె. నిన్నటి దాకా అక్కడ లేచేది ఒక్క ఇల్లు. ఇక నాలుగు వరస ఇళ్లు రావచ్చు. ఫోటో తీసి నాన్నకి పంపాను.

"పునాది ఎప్పుడమ్మా?" అని జవాబు పెట్టారు.