చోటెంతో చూసి రాద్దాం

ప్రియమైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

మన హాస్టల్లో చదివి ప్రోగ్రామింగ్ పనుల్లోకి వెళ్లిన మేమందరం సి భాషతోనే మొదలుపెట్టాం. ఒక పేరును ఒకచోటి నుంచి మరోచోటికి ఎక్కించడానికి మేము మొదట నేర్చుకున్నది స్ట్రింగ్‌కాపీ ఫంక్షన్. అవతల చోటెంత ఉందో అది అడగదు. పేరు చివర గుర్తుగా ఉండే సున్నా కనిపించేదాకా రాస్తూనే పోతుంది. చోటు చాలకపోతే పక్కనున్న సమాచారం మీద రాసేస్తుంది. మన ట్రంకుపెట్టెలో పట్టని బట్టలు పక్కవాడి పెట్టెలో కుక్కినట్టన్నమాట.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ వేలాది కంప్యూటర్లలోకి పాకింది. అది దూరిన దారుల్లో ఒకటి, ఇలాగే కొలత చూడని గెట్స్ అనే ఫంక్షన్. 2011 నాటి సి ప్రమాణంలో గెట్స్‌ను తీసేశారు. స్ట్రింగ్‌కాపీ మాత్రం ఇంకా ఉంది.

పాత ప్రోగ్రాముల్లో దాన్ని మార్చే పని మాకు తరచూ వస్తుంది. చాలామంది దాని బదులు స్ట్రింగ్-ఎన్-కాపీ పెట్టి ఊరుకుంటారు. అది చాలదు. 16 బైట్ల చోటుందనుకుందాం. 'రాముడు' అనే పేరు యూటీఎఫ్-8లో 18 బైట్లు, చివరి సున్నాతో 19. స్ట్రింగ్-ఎన్-కాపీ 16 బైట్లూ నింపేసి, సున్నా పెట్టకుండానే ఆగిపోతుంది. తర్వాత ఆ పేరును చదివే ప్రోగ్రాంకు ఎక్కడ ఆగాలో తెలియదు.

ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 1998లో తెచ్చిన స్ట్రింగ్-ఎల్-కాపీ ఇంతకంటే నయం. 2023 నుంచి లినక్స్‌లో వాడే గ్లిబ్‌సీలోనూ అది ఉంది. చోటు దాటదు, సున్నా తప్పక పెడుతుంది. కానీ మన రాముడు 'రాముడ' అవుతాడు. ప్రోగ్రాం బాగానే నడుస్తుంది, పేరే తెగిపోతుంది. స్కాలర్‌షిప్ జాబితాలో పేరు, సర్టిఫికెట్లో పేరు కలవకపోతే ఎన్ని తిప్పలో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అందుకే మేము ఫంక్షన్ పేరు మార్చి వదిలెయ్యం. అది తిరిగిచ్చే అంకెను చూస్తాం. ఆ అంకె అసలు పేరు పొడవు, ఇక్కడ 18. అది 16 గానీ అంతకు మించి గానీ ఉంటే పేరు తెగిందని అర్థం. అప్పుడు చోటైనా పెంచాలి, పేరు పట్టలేదని చెప్పి అక్కడే ఆగైనా పోవాలి. తెగిన పేరును మాత్రం దాచిపెట్టకూడదు.

ల్యాబులో మీరు కూడా రెండు ప్రశ్నలు వేసుకోండి. చోటెంత? పట్టకపోతే ఏం చేయాలి? పరీక్షలో వీటికి మార్కులు రాకపోవచ్చు. కానీ రేపు మీరు రాసే ప్రోగ్రాంలోకి మనలాంటి ఇళ్ల పిల్లల పేర్లు కూడా వస్తాయి. అవి పూర్తిగా ఉండాలి.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు