ముందద్దము మీది గార

పత్రికకు ఏదైన వ్రాయుడని ఈ యేడును విద్యార్థులు కోరినారు. తెలుగు పాఠము చెప్పువారము గదా, పద్యమును గూర్చియో సంధులను గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. మేము మాత్రము మన పాఠశాల వ్యాను ముందద్దమును గూర్చి వ్రాయుచున్నాము. ఆ అద్దము గుండా ఒక్క మనిషి దారిని సరిగా చూడగలిగిన నాడే ఇరువదిమంది పిల్లలు సుఖముగా ఇల్లు చేరుదురు. సంధి తప్పిన పిల్లవానికి రెండు మార్కులు పోవును. ఇచట పోవునవి మార్కులు కావు.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది తిరుపతిలో. అటుపిమ్మట చెన్నపట్టణము వచ్చి కాపురము పెట్టిన మొదటి నెలలోనే మా రాగిచెంబు లోపల తెల్లని పొర కట్టినది. పొరుగింటి అవ్వ చూచి, "ఇది గారమ్మా, బోరు నీళ్ళకి ఇట్లే పడుతుంది, చింతపండేసి తోము" అని చెప్పినది. పల్లకు పట్టినదియు గారయే, చెంబునకు పట్టినదియు గారయే. వ్యాను అద్దమునకు పట్టునదియు అదియే యని తరువాత తెలిసినది.

ఈ పట్టణపు నీటి కథ పెద్దది. పూండి, చోళవరము, రెడ్‌హిల్స్, చెంబరంబాకము చెరువుల నీరు కొంత. 1983లో కుదిరిన ఒప్పందము ప్రకారము తవ్విన కాలువలో, 1996 మొదలుకొని కండలేరు నుండి వచ్చుచున్న కృష్ణనీరు కొంత. మన పిల్లల తాతముత్తాతలు ఏ నాటనో దాటి వచ్చిన దారినే ఆ నీరును ఊత్తుకోట మీదుగా ఈ సీమకు వచ్చుచున్నది. కాని ఆ నీరు కుళాయిలలో చాలినంత రానిచోట బోరు నీరే గతి. అదియు లేనిచోట టాంకరు లారీ. 2019 వేసవిలో చెరువులన్నియు ఎండిపోయి, జోలార్‌పేట నుండి రైలుబండిలో నీరు తెప్పించుకొన్న సంగతి తలిదండ్రులకు జ్ఞాపకముండును. సముద్రతీరమున బోరు వేసినచో ఉప్పదనము తప్పదు. ఉత్తరమున మీంజూరు ప్రాంతమున నేలలోని మంచినీటిని విపరీతముగా తోడివేయుటచే సముద్రజలము లోనికి చొచ్చుకొని వచ్చినది.

అట్టి నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు కరగియుండును. తెల్లవారుజామున బకెట్టెడు బోరు నీటితో బండిని కడిగి, తుడువక ఎండలో వదలినచో ఏమగును? నీరు ఆవిరియై పోవును; లవణము పోదు. ఒక్కొక్క బొట్టు ఆరిన చోట అంచు తెల్లగా నుండు ఒక్కొక్క వలయము మిగులును. మరునాడు దానిపై మరియొక వలయము. ఏడాదిలో అద్దము మశూచి మచ్చల ముఖము వలె అగును. శ్రద్ధతో రోజును బండి కడుగు డ్రైవరు అద్దమునకే ఈ రోగము ముందుగా వచ్చుట విచిత్రము. సోమరి బండికి దుమ్మే గాని గార లేదు!

గార ఒక్కటే శత్రువు కాదు. రెండవది జిడ్డు. ముందు పోవు లారీల డీజిలు పొగ, రోడ్డు నూనె, బండికి మెరుగు పూయు మైనము – ఇవి బయటి పొర. లోపలి పొర మరియొక విధము. మన ఎండకు మూసిన బండిలో స్టీరింగు ముందటి ప్లాస్టిక్ పలక వేడెక్కి, దానిలోని మెత్తదనమునిచ్చు పదార్థములు ఆవిరియై అద్దము లోపలి ముఖమున పేరుకొనును. పగటిపూట ఈ పొరలు కంటికి కానరావు. రాత్రి ఎదుటి బండి దీపము పడిన క్షణమున బయటపడును. నిర్మలమైన గాజు గుండా వెలుగు తిన్నగా పోవును. గారయు జిడ్డును గల గాజు మీద ఒక్కొక్క మచ్చయు ఆ వెలుగును నలుదిక్కులకు చెదరగొట్టును. అపుడు అద్దమంతయు వెలుగే. దారి మాత్రము చీకటి.

నిరుడు నవంబరులో ఒక సాయంకాలము ఇట్లే జరిగినది. ఈ పట్టణమున ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన. అందు సగమునకు మించి అక్టోబరు మొదలు డిసెంబరు లోపలనే కురియును. ప్రత్యేక తరగతులు ముగిసి ఆరు దాటినది. మేము పిల్లలతో వ్యానులోనే ఉంటిమి. సన్నని వాన. వైపరు ఒకసారి తిరిగెను. నీరు పోవుటకు మారు పాలపొర వలె పరచుకొనెను. ఎదురుగా బస్సు వెలుగు. డ్రైవరు బ్రేకు నొక్కెను. బండి ఊగి నిలిచెను. ముందు చక్రమునకు జానెడు దూరమున సైకిలుపై ఒక కుర్రవాడు, తలపై పుస్తకముల సంచి పట్టుకొని, ఏమియు ఎరుగనట్లు దాటి పోయెను. బండిలో ఎవ్వరును మాటాడలేదు. ఆరవ తరగతి పిల్ల యొకతె మా చేయి పట్టుకొని ఇల్లు చేరువరకు వదలలేదు.

మరునాడు డ్రైవరు పెద్దాయన మా యొద్దకు వచ్చి, "టీచరమ్మా, నాకు చూపు బాగానే ఉందమ్మా. మొన్ననే కళ్ళు చూపించుకున్నా. ఆ కన్నాడే సరిలేదు. రాత్రి లైటు పడితే ఏమీ అగపడదు" అనెను. కన్ను సందేహించిన వారు ఒకరిద్దరు లేకపోలేదు. ఆయన గొంతులో ఆ బాధ వినబడినది. "కొత్త అద్దం వేయించుదామా అన్నా?" అని అడిగితిమి. "వేయించొచ్చు. ఆ దుడ్డు పిల్లల వ్యాను ఫీజు మీదనే కదమ్మా పడేది" అని తల వంచుకొనెను. కూలి పనికి పోయి ఫీజు కట్టు తలిదండ్రులెవరో ఆయనకును తెలియును, మాకును తెలియును. కావున మొదట కడిగి చూతమని నిశ్చయించితిమి. మా రసాయనశాస్త్రోపాధ్యాయులు తోడు వచ్చిరి. తొమ్మిదవ తరగతి వారు చూచుటకు వచ్చి, చేయుటకు మిగిలిరి.

బండిని వేపచెట్టు నీడకు చేర్చి, గాజు చల్లబడువరకు ఆగితిమి. వేడి గాజుపై ఏ ద్రవము పోసినను తుడుచులోపలనే ఆరి కొత్త మచ్చ పడును. పిమ్మట ధారాళముగా నీరు పోసి దుమ్ము పోగొట్టితిమి. ఎండిన దుమ్ముపై గుడ్డ పెట్టి రుద్దుట గాజును గీయుటయే. ఇసుకరేణువు గాజు కంటె మెత్తనిది కాదు.

తరువాత గిన్నెలు తోము సబ్బు నీటితో జిడ్డు వదల్చి, మిగిలిన దానిని సర్జికల్ స్పిరిటు తడిపిన గుడ్డతో లోపలను బయటను తుడిచితిమి. జిడ్డు పోయినదా లేదా యని తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. చెంబెడు నీరు పోయవలెను. నీరు వస్త్రము పరచినట్లు ఏకముగా జారిన గాజు శుభ్రము. బొట్లు బొట్లుగా విడిపోయిన జిడ్డు ఉన్నది. మూడవసారికి నీరు వస్త్రమైనది.

అపుడు గార పని. వెనిగరునకు అంతే నీరు కలిపి, గుడ్డలు తడిపి అద్దమునకు అంటించి పది నిముసములు ఉంచితిమి. సున్నపురాతిపై ఆమ్లము పడిన నురుగు వచ్చునని ప్రయోగశాలలో చూచినారు గదా. ఇచటను జరుగునది అదియే. అవ్వ చింతపండు చేయుపనియు అదియే. గుడ్డలు తీసి రుద్దగా పొర మెల్లగా విడిచినది. నాలుగు మారులు చేయవలసి వచ్చినది. వెనిగరు రంగు మీదికిని ఇనుము మీదికిని కారనీయక వెంటనే కడిగితిమి. ఇంట ప్రయత్నించు పిల్లలకు ఒక హెచ్చరిక: వెనిగరును బ్లీచింగు పౌడరుతో ఎన్నడును కలుపరాదు, విషవాయువగు క్లోరీను పుట్టును. ఇనుప పీచు, ఇసుక కాగితము, బ్లేడు – వీనిని మేము దగ్గరకు రానీయలేదు.

కట్టకడపట కడుగుటకు బోరు నీరు పనికిరాదు, పడిన శ్రమ అంతయు మొదటికి వచ్చును. మేడపై పట్టియుంచిన వాన నీటితో కడిగి పొడిగుడ్డతో పూర్తిగా ఆర్పితిమి. తమిళనాట 2003లో ప్రతి కట్టడమునకు వాన నీటి సేకరణ తప్పనిసరి చేసినారు. ఆ నీరు అద్దములు కడుగుటకు ఉద్దేశింపబడినది కాకపోయినను, ఆ నాడు మాకు బాగుగ ఉపకరించినది. వైపరు రబ్బరు అంచును గుడ్డతో తుడువగా గుడ్డ నల్లబడినది. ఎండకు గట్టిపడి చీలిన ఆ రబ్బరును మార్పించితిమి. అయిన ఖర్చు ఫీజు పెంచవలసినంత కాదు.

పని నడుచుచుండగా ఒక పిల్లవాడు, "విండ్‌షీల్డుకు తెలుగేమి టీచరమ్మా?" అని అడిగెను. నిఘంటువు వెదకు పని లేకయే, "ముందద్దము" అని మరియొకడు చెప్పెను. "మా ఇంట కన్నాడి అంటారు" అని ఇంకొకతె. అది తమిళపు మాట, కాని అందు కన్ను వినబడుచున్నది. కాదనుటకు మాకు మనసొప్పలేదు. రెండు మాటలును బల్లపై వ్రాయించితిమి. వాహనపు అద్దములను గూర్చిన మరియొక ముచ్చట వారికి నచ్చినది: వైపరునకు అమెరికాలో మేరీ ఆండర్సన్ అను స్త్రీ 1903లో పేటెంటు పొందినది. పగిలినను ముక్కలు చెదరని పొరగాజు ఊహ ఫ్రాన్సులో ఎడువార్ బెనెడిక్టసునకు తట్టినది కూడ ఆ యేడే యని చెప్పుదురు. ప్రయోగశాలలో ఒక గాజుబుడ్డి క్రిందపడుట అందులకు కారణమట. "అయితే బుడ్డి పగలగొట్టినవాణ్ణి తిట్టకూడదు" అని ఒకడు తీర్మానించెను.

ఆ రాత్రియే డ్రైవరు పెద్దాయన వ్యానును వీధి చివరివరకు ఒంటరిగా నడిపి, ఎదుటి వెలుగులో చూచుకొని వచ్చెను. "ఇప్పుడు దారి తెలుస్తా ఉందమ్మా" అనెను. ఎడమవైపు పైమూలన నాలుగైదు మచ్చలు మాత్రము పోలేదు. అవి గాజును లోపలికి తినివేసినవి. అట్టి వానికి సీరియం ఆక్సైడు పొడితో అద్దముల దుకాణమున మెరుగు పెట్టింపవలెను, గుంట లోతైనచో అదియు పనిచేయదు. అవి ఆయన చూపునకు అడ్డము కావు గావున అట్లే వదలితిమి. ఇపుడు సీటు క్రింద ఒక సీసాలో వాన నీరు, ఒక పొడిగుడ్డ ఉన్నవి. గుడ్డను ఉదుకుటకు తొమ్మిదవ తరగతి వారు వంతులు వేసికొన్నారు. ఈ వారము వంతు ఎవరిదో ఇంకను తేలలేదు.