పీణ్య నుంచి బాలానగర్‌కు ఒక మిల్లింగ్ మిషన్

బెంగళూరు యశ్వంత్‌పూర్‌లో రైలు దిగి మెట్రో ఎక్కితే పీణ్య కాసేపట్లో వచ్చేస్తుంది. హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో పెరిగినవాణ్ణి కాబట్టి కటింగ్ ఆయిలు, కాలిన ఇనుము వాసనలు నాకు కొత్త కాదు. బోరు మోటార్ల షాఫ్టులకు కీవేలు, రైసు మిల్లులకు గేర్లు కోసే చిన్న వర్క్‌షాపు మాది. ఉన్న ఒక్క మిల్లింగ్ మిషన్ పనిని తట్టుకోలేకపోతోంది, కొత్తది కొనే స్తోమత లేదు. పాత హెచ్ఎంటీ ఎఫ్ఎన్2 ఏదైనా దొరుకుతుందేమో చూద్దామని నేనూ, మా బాబాయీ బయల్దేరాం.

బాబాయి ఫిట్టరుగా రిటైరయ్యాడు. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్‌లో అప్రెంటిస్‌గా చేరి, స్క్రేపింగ్ పనిలోనే జుట్టు నెరిసిన మనిషి. ఆయన సంచిలో డయలు గేజి, దాని మాగ్నెట్ స్టాండు, 40 నంబరు టేపరుకు సరిపోయే టెస్ట్ మాండ్రిల్, టార్చిలైటు, గుప్పెడు బనీను వేస్టు. మార్చుకునే బట్టలు మాత్రం నా సంచిలోనే పెట్టించాడు.

హెచ్ఎంటీయే ఎందుకని అడిగేవాళ్ళున్నారు. 1953లో బెంగళూరులో మొదలైన ఆ సంస్థ తర్వాత పింజోర్‌లోనూ ఫ్యాక్టరీ పెట్టింది. మేం వెతికే మిల్లింగ్ మిషన్ అక్కడిదే. దశాబ్దాల కిందట పోసిన బీడు. లోపలి ఒత్తిళ్ళన్నీ ఎప్పుడో సర్దుకుని ఉంటాయి. కొత్త పోతలా ఏడాది తిరక్కుండానే వంకర పోతుందన్న భయం ఉండదు.

పీణ్యలో పాత మిషన్ల గోడౌన్లు కొన్ని తిరిగాక ఒకచోట మాకు కావలసినది కనిపించింది. ఆకుపచ్చ పెయింటు కొత్తగా నిగనిగలాడుతోంది. బాబాయికి అదే నచ్చలేదు. "పెయింటు కాదురా, బెడ్డు చూడు" అంటూ టేబుల్‌ను ఒక చివరికి జరిపించి, కింద మోకాళ్ళ మీద కూర్చుని టార్చి కొట్టాడు. స్లైడు అంచుల్లో ఫ్యాక్టరీలో వేసిన స్క్రేపింగ్ గాట్లు ఇంకా అలాగే ఉన్నాయి. నడుమ మాత్రం ఒక్క గాటూ లేదు, నున్నగా మెరుస్తోంది. ఏళ్ళ తరబడి చిన్న జాబులన్నీ టేబుల్ మధ్యలోనే కట్టి కోశారన్నమాట.

తర్వాత డయలు పెట్టి టేబుల్‌ను నడిపే స్క్రూ చూశాం. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే నడుమ ముప్పావు మిల్లీమీటరు ప్లే, చివర్లకు పోయేకొద్దీ బాగా తక్కువ. ఇది అన్నిచోట్లా సమానంగా ఉంటే నట్టు బిగించి సరిపెట్టుకోవచ్చు. ఇలా ఉన్నప్పుడు నడుమకు సరిపోయేలా బిగిస్తే టేబుల్ చివర్లలో పట్టేస్తుంది. పాత మిషన్ కొనేవాళ్ళు ప్లే ఒక్కచోటే చూసి ఊరుకోకూడదు.

స్పిండిల్‌లో మాండ్రిల్ బిగించి చేత్తో తిప్పితే ముల్లు ఒక్క గీత కదిలింది. బాబాయి ముఖంలో మొదటిసారి వెలుగు చూశాను. కరెంటు ఇప్పించి ప్రతి స్పీడూ విన్నాం. గేర్ల చప్పుడు ఒకే తీరుగా ఉంది. టేబుల్ ఫీడు నడిచింది, టేబుల్‌ను మోసే 'నీ' (knee) పైకీ కిందికీ నడిచింది, క్రాస్ ఫీడు మాత్రం రాలేదు. "అది చిన్న పనే సార్" అన్నాడు యజమాని. ఆ మాట నేను నమ్మలేదు. బాబాయి లివరును ఒక్క వేలితో తిప్పి చూశాడు. బరువూ లేదు, పడినట్టు 'టక్' మనడమూ లేదు.

"మిగతా రెండు ఫీడ్లూ వస్తున్నాయంటే ఫీడు బాక్సులో రోగం లేదు. ఇక్కడే, లివరుకూ క్లచ్చుకూ మధ్యే ఏదో తెగింది" అన్నాడు నన్ను పక్కకు పిలిచి. "విరిగింది మార్చేస్తాం రా. అరిగినదానికే మన చేతులు అరగాలి. ఈ అరుగుదల నా వల్ల అవుతుంది."

బీడు తూకం ధరకు కాస్త పైన బేరం తెగింది.

ఎక్కించడం దగ్గర తొందరపడితే కొన్నదంతా వృథా. 'నీ'ని బాగా దించి కింద చెక్క దిమ్మెలు పెట్టాం. టేబుల్‌ను నడిమికి తెచ్చి లాకులన్నీ బిగించాం. మెరిసే ప్రతి చోటా గ్రీజు పట్టించి టార్పాలిన్ కప్పాం. రెండు టన్నులకు పైబడిన బరువు, అందులోనూ పైభాగమే బరువైన మిషన్. హైడ్రా క్రేన్‌తో లేపుతున్నంతసేపూ నాకు ఊపిరాడలేదు. బిల్లు, ఈ-వే బిల్లు చేతిలో పెట్టుకుని చీకటి పడ్డాక బయల్దేరాం. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి నడిరాత్రి. కర్నూలు వైపు డ్రైవరు, లోడు ఎరిగిన మనిషి. గుత్తి దగ్గర టీకి ఆగినప్పుడు చెప్పకుండానే చైన్లు మళ్ళీ బిగించాడు. జడ్చర్ల దాకా బాబాయి కళ్ళు మూయలేదు.

షెడ్డులో దించాక లెవెలు చూసి, కరెంటు ఇచ్చేముందు బాబాయి పట్టుబట్టింది మోటారు తిరిగే దిక్కు గురించి. త్రీఫేజులో ఏ రెండు వైర్లు తారుమారైనా మోటారు ఎదురు తిరుగుతుంది. దానితోపాటు నడిచే ఆయిలు పంపు నూనె లాగదు, గేర్లు ఎండిపోతాయి. ఒక్క క్షణం స్విచ్ వేసి చూస్తే నిజంగానే ఎదురే తిరుగుతోంది. రెండు వైర్లు మార్చాం.

క్రాస్ ఫీడు సంగతి ఆయన చెప్పినట్టే తేలింది. పక్క మూత విప్పితే లివరు ఇరుసులోని టేపర్ పిన్ను అంచుకు సమంగా తెగి ఉంది. లివరు తిరుగుతోంది, లోపలి ఫోర్కు కదలడం లేదు. పాత ముక్క తీసి, బెజ్జాన్ని ఒక సైజు పెద్దది రీమ్ చేసి కొత్త పిన్ను కొట్టాం. ఆ 'టక్' వినిపించింది.

అసలు జబ్బు ఇంకోచోట ఉంది. స్లైడ్లకు నూనె పంపే చేతిపంపు ఎంత లాగినా చుక్క రాలేదు. గొట్టాలు విప్పితే పాత నూనె గట్టిపడి తారులా పూడుకుపోయింది. నడుమ అరగడానికి ఇదీ కారణమే. గొట్టాలన్నీ కిరోసిన్‌తో కడిగి, కొన్ని మార్చి, ప్రతి దాని చివరా నూనె ఊరడం చూశాకే స్క్రేపర్ ముట్టుకున్నాడు బాబాయి.

టేబుల్‌ను చైన్‌బ్లాకుతో తీసి వెల్లకిలా వేశాం. స్ట్రెయిట్ ఎడ్జికి పల్చగా బ్లూ రాసి స్లైడు మీద రుద్దితే ఎత్తుగా ఉన్నచోటే రంగు అంటుతుంది. అంచుల్లో అంటింది, నడుమ ఖాళీ. బీడు కదా, నడుమ నింపేది లేదు, అంచులనే దించాలి. స్క్రేపర్ పిడిని నడుముకు ఆనించి చిన్నచిన్న తోపులతో నీలం మచ్చలను గీసేస్తాడు. గీసిన పొడి వేలి కొనకు అంటేంత సన్నం. తుడిచి మళ్ళీ బ్లూ, మళ్ళీ గీత, ఈసారి అడ్డంగా. చదరపు అంగుళానికి పది పన్నెండు మచ్చలు సమంగా పడేదాకా ఆగలేదు. మచ్చల మధ్య మిగిలే పల్లాల్లోనే నూనె నిలుస్తుంది. అందుకే గ్రైండింగ్ చేసిన నున్నటి స్లైడు కంటే చేత్తో స్క్రేప్ చేసింది ఎక్కువకాలం మన్నుతుందని ఆయన వాదన. ఐటీఐ చదివిన మా ఇద్దరు కుర్రాళ్ళను పక్కనే నిలబెట్టుకున్నాడు. ఈ పని చేయి పట్టుకుని నేర్పితే తప్ప అందదు. మా చుట్టుపక్కల షెడ్లలో తెలిసినవాళ్ళు చాలా తగ్గిపోయారు. ఆ కుర్రాళ్ళు నేర్చుకోవడం నాకు మిషన్ కంటే ఎక్కువ.

టేబుల్‌ను తిరిగి ఎక్కించి, స్లైడు సందును సరిచేసే జిబ్ బిగించి మైల్డ్ స్టీల్ దిమ్మె ఒకటి కోశాం. కోసిన ముఖం మీద డయలు నడిపితే ఆ చివరి నుంచి ఈ చివరికి ముల్లు రెండు గీతలు దాటలేదు.

స్క్రూ మాత్రం ఇంకా పాతదే. కొత్తది వేసేదాకా కట్టరు తిరిగే దిక్కుకే జాబును నడిపే క్లైంబ్ మిల్లింగ్ ఎవరినీ చేయనివ్వడం లేదు. అంత ప్లే ఉంటే కట్టరు జాబును తనవైపు లాక్కుంటుంది, పళ్ళు లేచిపోతాయి. ఎదురు కోతే కోస్తున్నాం, ప్లేను ఒకేవైపు తీసుకుని హ్యాండిల్ మీది గీతలు చదువుతున్నాం. గన్‌మెటల్ నట్టు ఇక్కడే పోయిస్తున్నాం. స్క్రూ కోయడానికి పొడవాటి బెడ్డున్న మంచి లేత్ జీడిమెట్లలో ఒకటి చూసి వచ్చాడు బాబాయి. దానికీ ముందు డయలు పెట్టి చూడాలంటున్నాడు.