ఆటలను గూర్చిన మాట



ఆట యన్నది ఆడుటతో ముగియునది కాదు. ఆడినవారు నలుగురు చేరి దాని మంచిచెడ్డలు చెప్పుకొన్నపుడే యది నిండును. మన యమ్మమ్మలు వామనగుంటల పీటను గోడకు చేరవేసిన పిదప గూడ, ఏ గుంటలోని చింతగింజలు తీసియుండిన గెలుపు దక్కెడిదో యని వంటయింటిలో వాదించుకొనెడివారు. నేటి పిల్లలు సెల్‌ఫోనులలోను కంప్యూటర్లలోను ఆడు వీడియోగేములను గూర్చియు నట్లే మాటలాడుకొనుచున్నారు. ఆ మాటలను మనము వినుచున్నామా?

మా వారు బడిపంతులు. సాయంకాలము చదువు చెప్పించుకొనుటకు వచ్చు బాలురు, ఆయన వచ్చులోపల మా యరుగుమీద కూర్చుండి, “నువ్విప్పుడేం ఆడుతున్నావురా?” అని యొకరి నొకరు అడుగుకొందురు. నేను బియ్యములో రాళ్లేరుచు వినుచుందును. ఒకడు మైన్‌క్రాఫ్టు అను గేములో చదరపు దిమ్మెలను పేర్చి కోట కట్టుచున్నాడట. “అందులో కథే లేదు” అని రెండవవాడు ఆక్షేపించును. “కథ మనమే కల్పించుకోవాలి” అని మొదటివాడు సమాధానము చెప్పును. ఇంకొకడు తానాడుచున్న గేము ఆరంభము బాగుగనే యున్నను నడుమ విసుగు పుట్టించినదనును. చిన్ననాడు మా నాయనగారి యొద్ద కావ్యములు చదువుకొనునపుడు గుణదోషవిచారణ మను మాటను నేను నేర్చుకొంటిని. ఈ బాలురు చేయుచున్నదియు అదియే. వస్తువెట్టిది, కల్పన యెట్టిది, ఎచ్చట రసభంగమైనది యని తర్కించుచున్నారు. వారు వాడు పేర్లు మాత్రమే వేరు.

వీడియోగేము లన్నియు నొక్కటే యనుకొనుట, పుస్తకము లన్నియు నొక్కటే యనుకొనుట వంటిది. వీనికిని కర్తలు గలరు. 1980లో జపానుదేశమున ప్యాక్‌మ్యాన్ అను గేమును రూపొందించిన టోరు ఇవటాని, ఆనాటి యాటశాలలలో పురుషులే నిండియుండుట చూచి, స్త్రీలకును ఇంపైన యాట కావలెనని తలచి, తినుటనే దానికి వస్తువుగా గైకొనెను. 1984లో మాస్కోనగరమున అలెక్సీ పాజిట్నోవ్ కల్పించిన టెట్రిసులో కథయే లేదు. పైనుండి పడు ఏడు విధములైన తునకలను ఖాళీ లేకుండ వరుసగా నమర్చుటయే పని. చిన్న బీరువాలో పెద్ద కుటుంబపు బట్టలు సర్దిన యిల్లాలికి దాని సొగసు వేరుగా చెప్ప నక్కరలేదు. 2016లో వెలువడిన స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ అను యువకుడు నాలుగేండ్లకు పైగా శ్రమించి, బొమ్మలు, సంగీతము, రచన యన్నియు తానొక్కడే సమకూర్చెను. అందు నాయకుడు చేయునది వ్యవసాయము. మన దేశమున పుణే నగరమువారు 2020లో వెలువరించిన రాజీ యను గేములో నాయిక యొక బాలిక. రాక్షసు లెత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు పోరాడును.

కొన్ని గేములు మనసును బరువెక్కించును. కళాశాలలో చదువుచున్న మా వారి పూర్వశిష్యు డొకడు, 2014లో పోలండుదేశమున పుట్టిన దిస్ వార్ ఆఫ్ మైన్ అను గేమును గూర్చి నాతో చెప్పెను. అందు ఆడువాడు సైనికుడు కాడు. శత్రువులు ముట్టడించిన నగరములో నొక యింట తలదాచుకొన్న సామాన్యులను బ్రదికింపవలసినవాడు. 1992 మొదలు 1996 వరకు సాగిన సరయేవో నగరపు ముట్టడి దానికి ప్రేరణము. 2020లో పోలండు ప్రభుత్వము దానిని విద్యార్థులకు సిఫారసు చేయు గ్రంథముల పట్టికలో చేర్చుచున్నట్లు ప్రకటించెను. “అందరికీ సరిపడా తిండి లేదండీ అమ్మగారూ. ఎవరికి ముందు పెట్టాలో తెలియక చాలాసేపు అలాగే కూర్చున్నాను” అని యా యువకుడు పలికెను. ఉన్న నాలుగు మెతుకులు ఎవరికి వడ్డింపవలయునన్న చిక్కు యిల్లాండ్రకు క్రొత్తది కాదు. మగపిల్లవాడు దానిని గూర్చి యాలోచించుట నేను విన్నది మాత్రము అదియే మొదటిసారి.

ఇక మాట లేని యాట యొకటి గలదు. మా బంధువర్గములో నొక గృహస్థుడు రాత్రులందు సెల్‌ఫోనులో డబ్బొడ్డి రమ్మీ యాడుచుండెను. “ఏమి చేయుచున్నారు?” అని భార్య యడిగిన తెర మాపివేయుచుండెను. గెలిచిననాడును చెప్పలేదు, ఓడిననాడును చెప్పలేదు. కడకు ఆమె గాజులు కుదువకు పోయిన పిమ్మటనే సంగతి బయటపడినది. ఇట్టి యాటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని డబ్బొడ్డి యాడు ఆన్‌లైను గేములను నిషేధించుచు చట్టము చేసెను. అయినను, ఇంటిలోని మౌనమును కనిపెట్టవలసినవారు ఇంటివారే గదా!

ఈ మౌనమును మొట్టమొదట ప్రశ్నించినది ద్రౌపది. సభాపర్వమున తన్ను సభకు రమ్మన్న దూతతో, ధర్మరాజు ముందు తన్నోడెనా, నన్నోడెనా యని యడిగి రమ్మనెను. ధర్మరాజు బదులు పలుకలేదు. ఆటలో జరిగినదానిని ఆడినవాడు చెప్పలేకపోయినపుడు అది యాట కాదని యా ఘట్టము నాకు నేర్పినది.

కావున పిల్లలు గేములను గూర్చి మాటలాడునపుడు “ఎప్పుడును అదే గోల” యని కసరుకొనరాదని నా మనవి. కసరుకొన్నచో వారు మన యెదుట నోరు మూసికొందురు. అపుడు కోట కట్టు బాలుని మౌనమునకును, డబ్బొడ్డువాని మౌనమునకును భేదము మనకు తెలియకపోవును. దానికి బదులు, ఆ యాటలో నేమి చేయవలయును, ఎచ్చట విసుగు పుట్టినది, ముందుకు సాగుటకు డబ్బేమైన అడుగుచున్నదా యని మూడు ప్రశ్నలు వేయుడు. మూడవదాని యుత్తరమును శ్రద్ధగా వినుడు. కొన్ని గేములు లోపల నేమి యున్నదో తెలియని పెట్టెలను పిల్లలకు డబ్బునకు అమ్మును. బెల్జియముదేశము 2018లో అట్టి పెట్టెలను జూదముగా నెంచెను.

అతిగా నాడుటయు కీడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక పదునొకండవ కూర్పు, 2022 జనవరిలో అమలునకు వచ్చినది, గేముల వ్యసనమును రుగ్మతగా గుర్తించినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె దానికే పెద్దపీట వేయుట, కీడు కలుగుచున్నను మానలేకపోవుట యను మూడును సామాన్యముగా పండ్రెండు మాసములు కనబడినపుడే వైద్యులు దాని కా పేరు పెట్టుదురు. సెలవులలో నాలుగు దినములు ఆటలో మునిగిన పిల్లవానిని రోగి యని నిందింపరాదు. ఆడుటకు వేళ నియమింపుడు. ఆడిన పిదప వాని ముచ్చట వినుటకును కొంత వేళ యుంచుడు. మన కా యాట చేతకాకున్నను కొరత లేదు. అడుగు నోరును, వినుటకు ఓపికయు నున్న చాలును.