ఉబుద్‌లో కెరిస్‌ల ముందు

బాలి వెళ్లినవాళ్లు ఉబుద్‌లోని నేకా ఆర్ట్ మ్యూజియానికి ఎక్కువగా చిత్రాల కోసమే వెళ్తారు. నేను కెరిస్‌లనే అక్కడి బాకుల కోసం వెళ్లాను. సుతేజ నేకా 1982లో తెరిచిన ఈ మ్యూజియంలో కెరిస్‌లకు 2007లో చోటు కల్పించారు. ఆయనది పాండే వంశం, తరతరాలుగా బాలిలో లోహం పని చేసేవాళ్లది. చిత్రాలు సేకరించి పేరు తెచ్చుకున్న మనిషి కొలిమి పనికీ అంతే గౌరవం ఇవ్వడం నాకెంతో నచ్చింది.

లోపలికి అడుగుపెట్టగానే చూపు పిడుల మీదే పడుతుంది. బంగారు దేవతలు, గుడ్లురిమే రాక్షసులు, పొదిగిన రాళ్లు. ఒరలకు మచ్చల మచ్చల పెలెట్ కొయ్య. ఒర పైభాగంలో ఒక తీరును అక్కడ మామిడి టెంక అనే పిలుస్తారు. అచ్చం అలాగే ఉంది కూడా.

నన్ను కదలనివ్వనిది మాత్రం ఒర తీసి పెట్టిన ఒక పాత అలుగు. ఏడు వంపులు. వంపులెప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. మొదట్లో ఒక పక్కకు వెడల్పుగా సాగి, మొనకు పోయేకొద్దీ సన్నబడింది. అద్దానికి దగ్గరగా వంగితే నల్లటి ఇనుములో వెండిరంగు చారలు. పైపూత కాదు, చెక్కడమూ కాదు. అదే పమోర్. ఇనుమునూ నికెల్ కలిసిన లోహాన్నీ పొరలుగా పేర్చి, కాల్చి, సాగగొట్టి, మడిచి, మళ్లీ సాగగొడతారు. పదును కోసం నడుమ ఉక్కు పెడతారు. చివర్లో నిమ్మరసం, పాషాణం పట్టిస్తే ఇనుము నల్లబడుతుంది, నికెల్ తెల్లగా నిలుస్తుంది. జావా అలుగులు గరుగ్గా ఉంటాయి. బాలివాళ్లు నున్నగా మెరుగు పెడతారు, కొలతలోనూ వీళ్లవే పెద్దవి. కాస్త పక్కకు జరిగేసరికి అప్పటిదాకా కనిపించని చారలు పైకి తేలాయి. వెలుతురు సరిగ్గా పడనిచోట ఈ పనితనమంతా వృథా.

బాలిలో ఇవి పాతసామాను కాదు. 210 రోజులకోసారి వచ్చే తుంపెక్ లాందెప్ నాడు, మన ఆయుధపూజలాగే, కెరిస్‌లను శుభ్రం చేసి నైవేద్యం పెడతారు. ఇప్పుడు కార్లకూ ఆ పూజ జరుగుతోంది.

1906లో బాలిలోని బదుంగ్, 1908లో క్లుంగ్‌కుంగ్ రాజకుటుంబాలు లొంగిపోవడం ఇష్టంలేక కెరిస్‌లు చేతబట్టి డచ్చి తుపాకులకు ఎదురెళ్లి ప్రాణాలు వదిలాయి. అలాంటి ఆయుధాలు కొన్ని నెదర్లాండ్స్ మ్యూజియాలకు చేరాయి. 2023లో ఆ దేశం ఇండోనేషియాకు తిరిగిచ్చిన వాటిలో క్లుంగ్‌కుంగ్ కెరిస్ ఒకటుంది. అందుకే, ఎన్ని వంపులో, పిడి దేనితో చేశారో రాసి ఊరుకునే మ్యూజియం చీటీ నాకు చాలదు. అది ఏ ఇంటిదో, ఎవరి చేతిలోంచి ఎలా వచ్చిందో తెలిసినంతవరకూ రాసి తీరాలి.

మీరు ఏ మ్యూజియంలో కెరిస్ చూసినా ముందు అలుగు చూడండి, బంగారం తర్వాత. అది అక్కడికెలా వచ్చిందో అక్కడివాళ్లను తప్పక అడగండి.